అందించరాదు

ఆ బోర్డు మీద రెండే మాటలుండేవి: "జవాబులు అందించరాదు." ఏటా క్విజ్ పోటీ నాడు దశరథం దాని దుమ్ము దులిపి, రంగు పోయినచోట మళ్లీ పూసి, పద్మశాలి సంఘం హాలు గోడకు తన చేత్తోనే మేకు కొట్టి తగిలించేవాడు. ఏటా ఆ బోర్డు కిందనే నిలబడి జనం నిశ్చింతగా జవాబులు అందించేవారు.

దశరథం అంటే సిరిసిల్లలో అందరికీ తెలియకపోవచ్చు. 'జీకే సార్' అంటే మాత్రం బస్టాండు దగ్గర ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. పొద్దున్నే పేపర్లు వేయించే ఏజెన్సీ, సాయంత్రం పోటీ పరీక్షల ట్యూషన్, మధ్యాహ్నం ఖాళీ. ఆ ఖాళీలో ఏ దేశానికి రాజధాని ఏది, ఏ నది ఎక్కడ పుట్టింది అని తనలో తాను వల్లె వేసుకుంటూ తిరిగేవాడు. ఎదురుపడ్డ మనిషిని బాగున్నవా అని అడగకముందే "అన్నింటికంటె పెద్ద ఎడారి ఏది?" అని అడిగే రకం. అందుకని ఆ వేళప్పుడు ఆయన అటునుంచి వస్తుంటే జనం ఇటునుంచి సందులోకి మళ్లేవారు.

ఆ జ్ఞానమంతా ఆయన సరదాకు సంపాదించుకున్నది కాదు. గ్రూప్ పరీక్షలు రాశాడు, బ్యాంకు పరీక్షలు రాశాడు, ఆఖరికి బస్సు కండక్టరు ఉద్యోగానికి కూడా రాశాడు. ఒక్కటీ రాలేదు. జగిత్యాలలో రాసిన పరీక్ష ఒకటి మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆ రోజు ఆ గదిలోకి కిటికీల గుండా చిట్టీలు వచ్చాయి. వెనక బల్లవాడు ముందు బల్లవాడికి, వాడు పక్కవాడికి అందించుకున్నారు. కాపలా ఉండాల్సినాయన వరండాలో బీడీ ముట్టించుకున్నాడు. దశరథం ఒక్కడే తలెత్తకుండా తెలిసింది రాసి, తెలియనిది వదిలేసి లేచాడు. పక్క బల్లవాడికి ఉద్యోగం వచ్చింది, ఈయనకు రాలేదు. ఆ తర్వాత వయసు దాటిపోయింది. చదివిందంతా మాత్రం పెళ్లి తప్పిపోయిన ఇంట్లో వండిన అన్నంలా తలలో మిగిలిపోయింది.

దాన్ని ఎక్కడో ఒకచోట వడ్డించాలి కదా! అందుకే క్విజ్ మొదలుపెట్టాడు. గల్లీకొక జట్టు, గంట బదులు సైకిలు బెల్లు, గెలిచినవాళ్లకు స్టీలు టిఫిన్ గిన్నెలు. కరెంటు కోత ఉన్న రోజు చూసి పెట్టేవాడు, సాంచలు ఆగిపోతే తప్ప సిరిసిల్లలో జనం చేతికి దొరకరు కనుక. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరి జవాబు వాళ్ల తలలోంచి వచ్చే పోటీ తన కళ్లతో చూడాలి. అదీ ఆయన కోరిక. వినడానికి చిన్న కోరికే గానీ, ఆ ఊళ్లో అంతకంటే తీరని కోరిక ఇంకొకటి లేదు.

సాంచ అంటే మరమగ్గం. షెడ్డు నిండా వరసగా సాంచలు ఆడుతుంటే పక్కన నిలబడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని పనివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ అని. మీసం దువ్వితే ఆసామి, అంటే షెడ్డు యజమాని, వస్తున్నాడని. దూరంగా ఉన్నవాడికి చెప్పాలంటే మధ్యవాళ్లు ఒకరినుంచి ఒకరు అందుకుని దాటిస్తారు. ఏం దాటిస్తున్నామని కూడా ఆలోచించరు. కన్ను చూసింది చెయ్యి చెప్పేస్తుంది. పక్క సాంచ మీద పోగు తెగడం చూసి కూడా చెప్పకుండా ఊరుకున్నవాడిని ఆ షెడ్డులో మళ్లీ ఎవరూ చాయ్‌కి పిలవరు. అలా అలవాటు పడ్డ చేతులు, స్టేజీ మీద తమ గల్లీ పిల్లగాడు జవాబు రాక చెమటలు కక్కుతుంటే ఒళ్లో ముడుచుకుని ఊరుకుంటాయా?

ఊరుకోలేదు. జాతీయ గీతం రాసిందెవరని అడిగితే హాలు హాలంతా గడ్డం కింద నుంచి ఛాతీ దాకా లేని గడ్డాన్ని నిమిరింది. చుట్టూ వలయాలున్న గ్రహం ఏదంటే శనిదేవుడికి నూనె పోస్తున్నట్టు చేతులు వంచింది. దశరథం పోటీ చేసేవాళ్ల వీపులు జనం వైపు తిప్పి కూర్చోబెట్టాడు. కులపెద్దలు తమకు వీపు చూపిస్తారా అని అలిగి లేచిపోయారు. ఒక ఏడు అందరి చేతా పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడి మీద ఒట్టు వేయించాడు, నోరు తెరవబోమని. వాళ్లు ఒట్టు తప్పలేదు. ఒక్కరూ నోరు తెరవలేదు.

ఇంటికొచ్చి బోర్డు గోడకు చేరేసి చిందులు తొక్కేవాడు. భార్య రాజమణి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వినేది. ఆమెది కోరుట్ల. చెయ్యి ఆగదు, మాట తగ్గదు.

"అందిచ్చుడు తప్పని గీ జనానికి ఎప్పుడు తెలుస్తదే?" అనేవాడు.

"తండ్లాడేటోనికి చెయ్యిచ్చుడు తప్పెట్లయితదయ్యా?"

"గది వేరు, పోటీ వేరు."

"నాకు గా వేరు తెల్వది. మా అవ్వగారింట్ల నేర్పలే."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనుకుని ఆయన ఊరుకునేవాడు. ఊరుకున్నా మళ్లీ ఆమె ముందే ఊదేవాడు. క్విజ్ దగ్గర పడుతుందంటే వారం ముందునుంచీ ప్రశ్నల చీటీలు పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, మైకు ముందు ఎలా అడగాలో అలా పైకి చదివి, జవాబు కూడా తనే చెప్పి, "ఎట్లున్నదే?" అని అడిగేవాడు. "మంచిగున్నది తియ్యి" అని ఆమె తలెత్తకుండానే అనేది. ఆ మాట చాలు ఆయనకు. ఆయన ప్రశ్నలను చివరిదాకా వినే మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే.

ఎనభైల నడిమి కాలం అది. వీర్నపల్లి, రుద్రంగి వైపు అడవుల్లో అన్నలు తిరుగుతున్నారని ఒక పక్క, వాళ్ల కోసం పోలీసులు తిరుగుతున్నారని ఇంకో పక్క. కోనరావుపేట పోయినవాడు పొద్దుగూకే లోపల ఇంటికి చేరకపోతే ఇంటివాళ్లకు ఎవరికి భయపడాలో కూడా తెలిసేది కాదు. ఊరి చివర మూతపడ్డ రైసుమిల్లులో పోలీసు క్యాంపు పెట్టారు. పదిమంది ఒకచోట కూడాలంటే అక్కడికి పోయి పర్మిషన్ తెచ్చుకోవాలి. దశరథం పర్మిషన్‌కు పోయి, పర్మిషన్‌తో పాటు క్యాంపు ఎస్సైని కూడా ముఖ్య అతిథిగా పిలిచి వచ్చాడు.

రాజమణి చెయ్యి మొదటిసారి ఆగింది. "పిల్లిని సంకల వెట్టుకొని పెండ్లికి పోయినట్టున్నది నీ తీరు."

"నీకు తెల్వదే. ఎస్సై స్టేజీ మీద కూసుంటే ఒక్కని చెయ్యన్న లేస్తదా? గీసారి సూడు నా క్విజ్!"

నిజంగానే లేవలేదు. ఎస్సై నల్లకళ్లద్దాలతో స్టేజీ మధ్య కుర్చీలో కూర్చోగానే పక్క తలుపు దగ్గర కూర్చున్న ఆడవాళ్లవి సహా హాలులోని చేతులన్నీ ఒళ్లలోకి చేరిపోయాయి. దశరథం బ్యాటరీ మైకు గరగరలాడించుకుంటూ ప్రశ్నలు అడిగాడు. కుర్రాళ్లు తెలిసినవి చెప్పారు, తెలియనివి తప్పు చెప్పారు. తప్పు చెప్పినప్పుడల్లా ఆయనకు ఒళ్లు పులకరించింది. ఎవరూ అందించని తప్పు! వాళ్ల సొంత తప్పు! ఇన్నేళ్లకు ఇల్లు అలికాను, ఇక పండగే అనుకున్నాడు.

చివరికి కాలేజీ జట్టూ సాంచల గల్లీ జట్టూ సమానంగా నిలిచాయి. తేల్చే ప్రశ్న సాంచల గల్లీ వంతు. "రష్యా జెండా మీద ఏ గుర్తులుంటాయి?"

ఎస్సై ముందర ఆ ప్రశ్న అడగడమేమిటని తర్వాత ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆయన లోకం వేరు. రష్యా అంటే ఆయనకు రాజధాని మాస్కో, డబ్బు రూబులు, దేశం బాగా చలిదేశం. ట్యూషన్‌లో కూడా రష్యా పేరొస్తే రెండు చేతులతో భుజాలు పట్టుకుని వణికి చూపించేవాడు. అంతకుమించి ఆ జెండాలో ఆయనకు ఇంకేమీ కనపడలేదు.

సాంచల గల్లీ కుర్రాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైకిలు బెల్లు మీద వేలు పెట్టి తీశారు. దశరథం గడియారం చూసి తలెత్తేసరికి, వెనక స్తంభం పక్కన ఒక చెయ్యి లేచింది. వెంకటేశం చెయ్యి. నోట్లో నాలుక లేని మనిషి, సాంచల మీద పనిచేస్తాడు, ఏనాడూ ఎవరి జోలికీ పోడు. ఆ చెయ్యి వరికోత కోస్తున్నట్టు గాలిలో ఒకసారి వంకర తిరిగింది. తర్వాత పిడికిలి బిగించి, సమ్మెట ఎత్తినట్టు తల పైదాకా ఎత్తింది.

దశరథానికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల మంట ఒక్కసారే నెత్తికెక్కింది. మైకు నోటి దగ్గరే ఉందని కూడా మరిచిపోయి అరిచాడు. "ఏయ్ వెంకటేశం! మల్ల సైగలా? ఎవలికి జేస్తున్నవ్ సైగలు? నీ సైగలు నాకు తెల్వవనుకున్నవా?"

ఆ అరుపుకు ఎస్సై తల తిప్పాడు. ఆయనకు కనపడింది జవాబు కాదు. జనం మధ్యలో పైకి లేచిన పిడికిలి కనపడింది. కళ్లద్దాలు తీసి లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గరి కానిస్టేబుళ్లు స్తంభం దగ్గరికి నడిచారు. "సార్, జవాబు సార్... గది జవాబు సార్..." అని దశరథం మైకులోనే అంటున్నాడు గానీ, అప్పటికే కుర్చీలు పడిపోతున్నాయి, జనం తలుపుల వైపు పరుగెత్తుతున్నారు. వెంకటేశాన్ని జీపు ఎక్కించారు. బోర్డు గోడ మీద అలాగే వేలాడుతూ ఉంది.

మర్నాడు పొద్దున్నే వెంకటేశం తల్లి శంకరవ్వ వచ్చి దశరథం ఇంటి అరుగు మీద కూలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"రేపు జగిత్యాలకు తోల్కపోతరట కొడుకా. ఆడికి పోయినంక ఎవల్ని అడగాలె నేను? నువ్వు మైకుల చెప్తెనే పట్టుకపోయిన్రు. నువ్వే పోయి ఇడిపియ్యాలె."

ఆ రోజుల్లో క్యాంపు నుంచి ఇంకో ఊరికి తోలుకుపోవడమంటే ఏమిటో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. ఎక్కడో గుట్టల్లో కాల్పులు జరిగాయని, ఎవరో పోయారని దశరథం పంచే పేపర్లోనే చిన్న వార్త వచ్చేది. దశరథం అంగీ తొడుక్కున్నాడు. రాజమణి ముందు చాట ఉంది, ఆకు ఉంది, ఆ పొద్దున ఆమె ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

"నేను గూడ అస్త" అంది లేస్తూ.

"నువ్వెందుకే? ఆడోళ్లు వొయ్యే జాగనా అది? ఇంట్ల కూసో" అని కసిరాడు. తన మీద కోపంతో మొహం అలా పాలిపోయిందని అనుకున్నాడు.

శంకరవ్వను క్యాంపు గేటు దగ్గరే ఆపేశారు. దశరథాన్ని లోపలికి పోనిచ్చారు. రైసుమిల్లు రేకుల కింద ఎస్సై కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా వెంకటేశం గొంతుకూర్చున్నాడు. అతని రెండు అరచేతులూ వాచి, మోకాళ్ల మీద వెల్లకిలా ఉన్నాయి. పోగు ముడివేసే చేతులు. దశరథం చూసి చూడలేక తల తిప్పుకున్నాడు. తప్పు తనదని తెలుసు, కానీ ఆ తెలియడం కూడా కోపంగానే వచ్చింది. వెధవ చెయ్యి ఒక్కసారి ఒళ్లో పెట్టుకుంటే ఏమయ్యేది!

"సార్, గది మా షెడ్లల్ల సైగ సార్" అని మొదలుపెట్టాడు. "సాంచల మోతల మాట వినరాదు. అందుకని అందరు చేతులతోటే మాట్లాడుకుంటరు."

ఎస్సై కోస్తా వైపు మనిషి. సాంచ అంటే ఏమిటో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. "అంటే ఈ ఊళ్లో పనివాళ్లందరికీ నోరు మెదపకుండా కబురు అందించుకునే పద్ధతి ఒకటుందన్న మాట."

"అవు సార్."

"వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా?"

"అవు సా..." అని దశరథం ఆగిపోయాడు.

"మరి మేం వస్తున్నామని చెప్పుకోవడానికి ఏం సైగ చేస్తారు? అడవిలోంచి వాళ్లొస్తే ఏం చేస్తారు?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఒక మనిషిని విడిపించడానికి వచ్చి ఊరందరినీ ఇరికించాడు. దశరథానికి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. తెలిసిన విషయం తెలిసినట్టు చెబితే ఎప్పుడూ ఇంతే, తనకు ఏనాడూ కలిసిరాలేదు.

ఎస్సై వెంకటేశం వైపు తిరిగాడు. "నీకు ఆ జవాబు ఎలా తెలుసు? చదువుకున్నావా?"

"లేదు సార్. ముందటోళ్లు చూపిచ్చిన్రు. నేను దాటిచ్చిన."

"ముందటోళ్లంటే ఎవరు?"

వెంకటేశం నేల చూశాడు. రాత్రంతా అడిగిన ప్రశ్నే అది, రాత్రంతా చెప్పిన జవాబే ఇది. దశరథానికి ఇక తట్టుకోవడం చేతకాలేదు.

"చెప్పు వెంకటేశం! గా పేరేదో చెప్పి ఇంటికి నడువు. మీ అవ్వ గేటు కాడ ఏడ్సుకుంట కూసున్నది. అందిచ్చినోనికి లేని భయం నీకెందుకు? వాడు ఇంట్ల కమ్మగ వండుకొని తింటుండొచ్చు. చెప్పు!"

వెంకటేశం తలెత్తి దశరథం మొహంలోకి అదోలా చూశాడు. ఏదో అనబోయి, మళ్లీ తల దించుకున్నాడు.

ఎస్సై జేబులోంచి ప్రశ్నల చీటీలు తీశాడు. నిన్న స్టేజీ మీద నుంచి పట్టుకొచ్చినవే. ఒకదాన్ని పైన పెట్టుకున్నాడు. "సరే. నువ్వు చేసింది నిజంగా జవాబే అయితే, ప్రశ్న ఏమిటో చెప్పు. ఏం అడిగారని ఆ పిడికిలి ఎత్తావు? చెప్పగలిగితే ఇంటికి పో. లేకపోతే పొద్దున జీపు ఎక్కు. ఏం విన్నావు?"

వెంకటేశానికి చెవులు సరిగ్గా వినపడవు. ఏళ్ల తరబడి సాంచల మోతకు ఎప్పుడో పోయాయి. ఎదురుగా ఉన్న మనిషి గట్టిగా అంటే నాలుగు మాటల్లో రెండు అందుతాయి, మిగతాది మొహాలు చూసి అర్థం చేసుకుంటాడు. ఇక నిన్న హాలు చివర స్తంభం దగ్గర, ఆ గరగర మైకులో ఏం వినపడి ఉంటుంది? అతనికి ప్రశ్న తెలియదు. దశరథానికి ఆ సంగతి చూడగానే తెలిసిపోయింది.

"నువ్వు గానీ నోరు మెదిపావా, నువ్వు కూడా ఇక్కడే ఉంటావు" అని ఎస్సై వెనక్కి తిరగకుండానే దశరథాన్ని హెచ్చరించాడు.

దశరథం ఎస్సై కుర్చీ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా వెంకటేశం కళ్లు ఎస్సై మొహం మీద నుంచి లేచి తన మీదికి వచ్చాయి. షెడ్డులో పోగు తెగినప్పుడు పక్కవాడి కోసం వెతికే చూపు అది. చిన్నప్పుడు నాయన షెడ్డులో దశరథం ఆ చూపు చాలాసార్లు చూశాడు. జగిత్యాల గదిలో కూడా చూశాడు. అప్పుడు పక్కవాడు ఒక్క జవాబు కోసం బతిమాలుతూ చూస్తే, తను చేత్తో కాగితం కప్పుకున్నాడు. ఆ కప్పుకున్న చెయ్యి మీదే ఇన్నేళ్లూ గర్వంగా బతికాడు.

ఇప్పుడు ఆ చేతులు ఆయన్ను అడక్కుండానే లేచాయి. ముందు ఒక చెయ్యి పైకి పోయి, ఇంకోటి కిందికి తాడు లాగింది, బడిలో పంద్రాగస్టు నాడు లాగినట్టు. తలెత్తి లేని జెండాకు సలాం కొట్టాడు. తర్వాత రెండు చేతులతో భుజాలు గట్టిగా పట్టుకుని, చెమటలు కారుతున్న ఆ మిట్టమధ్యాహ్నం, పళ్లు కరకరలాడేట్టు వణికాడు. చివరికి ఏమిటి అన్నట్టు అరచెయ్యి తిప్పాడు. పక్కన తుపాకీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు అంతా చూశాడు. ఆ కానిస్టేబులు కాసేపు చూసి, మెల్లగా గేటు వైపు తిరిగి బూటు సవరించుకున్నాడు.

"జెండా సార్" అన్నాడు వెంకటేశం. "జెండా మీద ఏముంటదని అడిగిన్రు సార్. గా... గా చలి దేశం జెండా."

"ఏ దేశం?"

"పేరు తెల్వది సార్. మస్తు చలి వెడ్తదట గాడ."

ఎస్సై చీటీ వంక చూశాడు, వెంకటేశం వంక చూశాడు. నవ్వాలో కోప్పడాలో తెలియని మొహం పెట్టాడు. చీటీలన్నీ కలిపి చింపేసి కింద పడేశాడు. "పో" అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఇకమీదట ఈ ఊళ్లో క్విజ్ అనే మాట నా చెవిన పడకూడదు. పడిందంటే ఈసారి ప్రశ్నలు నేనడుగుతాను" అన్నాడు.

"అట్లనే సార్" అన్నాడు దశరథం. ఇన్నేళ్లు పెంచుకున్న క్విజ్ ఆ రెండు మాటలతో అయిపోయింది.

గేటు బయట శంకరవ్వ కొడుకు చేతులు చూసి, అరవకుండా, చీర కొంగు చింపి తడిపి చుట్టింది. ముగ్గురూ ఎండలో నడిచారు. బతికి బయటపడ్డామన్న సంతోషం దశరథానికి నాలుగడుగులు కూడా నిలవలేదు. లోపలున్న ఉడుకు మళ్లీ పైకొచ్చింది. వెంకటేశానికి ఎదురుగా పోయి, అతనికి వినపడేలా మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"ఒక్క పేరు చెప్తే నిన్న రాత్రే ఇంట్ల ఉందువు గదరా! చేతులు గిట్ల కాకపోవు. గంత పానం మీదికి తెచ్చుకొని కాపాడినవ్, ఎవడు వాడు?"

"వాడు కాదు సారూ" అన్నాడు వెంకటేశం.

"మరి?"

వెంకటేశం తల్లి వంక చూసి, రోడ్డు వంక చూసి, ఇక తప్పదన్నట్టు చెప్పాడు. "రాజమణక్క. పక్క తలుపు కాడ ఆడోళ్లల్ల కూసున్నది. గా పోరలకు అక్క చెయ్యి కనవడలే, నడుమ ఎస్సై కుర్సీ అడ్డమున్నది. నా దిక్కు చూసి చూపిచ్చింది, నేను దాటిచ్చిన. నిన్ననే కాదు సారూ, ఏటా అక్కనే. అక్క చూపిచ్చినంకనే మాకు తెలుసుడు."

దశరథం నడిరోడ్డు మీద నిలబడిపోయాడు.

"నువ్వేమో ఎదురుంగ నిలవడి చెప్పు చెప్పు అంటివి" అన్నాడు వెంకటేశం. "నీ ముందట, పోలీసోళ్ల ముందట, నీ ఇంటామె పేరు నేనెట్ల చెప్పాలె?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, దశరథం ఆ దొంగకు ప్రతి ఏడూ వారం రోజులు ముందుగా, ప్రశ్న ప్రశ్నా చదివి, జవాబు కూడా చెప్పి, ఎట్లున్నదని అడిగి మరీ అప్పగించాడు. ఆమె మీద కోపం వచ్చింది, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ రెండింటి కింద, రేకుల షెడ్డులో తను గొంతు చించుకుని అడిగిన పేరు వెంకటేశం చెప్పి ఉంటే అన్న ఊహ వచ్చింది. గుడ్డ చుట్టి ఉన్న వెంకటేశం చేతులు పట్టుకోబోయి, నొప్పి పుడుతుందని భుజం పట్టుకున్నాడు. అన్ని దేశాల రాజధానులు తెలిసిన నోటికి ఒక్క మాట దొరకలేదు.

ఇంటికి వచ్చేసరికి రాజమణి గడపలో ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. తలుపుకు తాళం వేయబోతోంది.

"యాడికి?" అన్నాడు.

"క్యాంపుకు. గది నేనే చూపిచ్చిన్నని చెప్పనీకి." ఆమె తాళం చేతిలోనే పట్టుకుని నిలబడింది. "పొద్దుగాలనే చెప్తామనుకున్న నీతోటి. నోరు రాలే. గా పోరలు మొకాలు గింతంత చేస్కొని నిలవడితే పానం ఆగలేదయ్యా నాకు. వెంకటేశం..."

"అచ్చిండు. ప్రశ్న ఏందో చెప్పమన్నడు ఎస్సై, చెప్పంగనే ఇడిసిపెట్టిండు. వాళ్లవ్వ తోల్కపోయింది. లోపలికి నడువు."

ఆమె చెప్పులు విడవలేదు, కదల్లేదు. ఆయన ఆమెను దాటుకుని లోపలికి పోయాడు. సంఘం వాళ్లు ఎవరో తెచ్చి పడేసినట్టున్నారు, బోర్డు గోడకు చేరేసి ఉంది. దశరథం దాని ముందు కూర్చున్నాడు.

రాజమణి ఎదురుగా వచ్చి కూర్చుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ప్రశ్న ఎట్ల చెప్పిండయ్యా? వెంకటేశంకు ఏం తెల్వదు గదా? వానికి ఎవలు చెప్పిన్రు?"

దశరథం బోర్డు వంక చూశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేనే అందిచ్చిన" అన్నాడు.